తెరచాప కొయ్య విరిగితే ఏ జిగురు? పులికాట్ ఎండకూ ఉప్పునీటికీ నిలిచేది ఎంచుకోవడం

తెరచాప కొయ్య అతకడానికి జిగురు కొనబోయిన వాళ్లు హార్డ్‌వేర్ షాపులో అడిగేది ఒకటే: "అన్నా, బాగా గట్టిగా పట్టేది ఏముండాది?" షాపాయన చేతికి అందింది ఇస్తాడు. తప్పు ఆయనది కాదు, ప్రశ్నది. పొడి కొయ్య మీద, చక్కగా కలిసిన అతుకులో మామూలు తెల్ల ఫెవికాల్ కూడా కొయ్యకు సమానంగా పట్టుకుంటుంది. నీడలో ఆరబెట్టి విరగ్గొట్టి చూడండి, కొయ్యే చీలుతుంది గానీ అతుకు విడిపోదు. మొదటిరోజు బలం చూసి జిగురు ఎంచుకుంటే ఏదైనా ఒకటే అనిపిస్తుంది. తెరచాప కొయ్యకు కావాల్సింది మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, గాలి నిండిన తెరచాప లాగుతుండగా, ఉప్పునీళ్లు తాగిన తర్వాత కూడా విడవని అతుకు.

పులికాట్‌లో తిరిగే చిన్న తెరచాప పడవలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక తడ, సూళ్లూరుపేట వైపు సరస్సు భాగం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. చాలాచోట్ల నీళ్లు నడుం లోతు కూడా ఉండవు, అందుకే తెరచాపకూ గడకర్రకూ ఇక్కడ ఇంకా పని ఉంది. కొయ్యలు ఎక్కువగా సరుగుడు, వెదురు. సరదాకు పడవ కట్టుకున్న వాళ్ల దగ్గర టేకువీ, పలకలు అతికించి చేసిన బోలు కొయ్యలూ, అక్కడక్కడ అల్యూమినియం గొట్టాలూ కనిపిస్తాయి.

జిగురు కొనే ముందు చూసుకోవాల్సినవి రెండు: అతుకులో సందు ఎంత ఉంది, కొయ్య ఎంత వేడెక్కుతుంది.

వేడి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే బయటి దేశాల వాళ్లు రాసిన సలహాల్లో ఇది అడుగున ఎక్కడో ఉంటుంది. వాళ్ల బాధ చలి, జిగురు గట్టిపడదని. మన బాధ దానికి పూర్తిగా ఎదురు. ఎండాకాలంలో మన వైపు నీడలోనే 42, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో ఉన్న కొయ్య ఎండలో నిలబడితే దాని పైపొర 65 డిగ్రీలు కూడా దాటుతుంది. రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగుర్లను ఎపాక్సీలంటారు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలుపెడతాయి. కరిగి కారిపోవు, కానీ బిగువు తగ్గుతుంది. తెల్ల జిగురైతే ఆ వేడికి ఇంకా ముందే వదులవుతుంది. కాబట్టి జిగురు ఏదైనా సరే, అతుకు మీద తెల్ల పెయింటో, లేత రంగో వేయడం అందం కోసం కాదు. అతుకు బతకడానికి. టేకు కొయ్య వార్నిష్‌లో మెరిసిపోతుంటే తెల్ల పెయింట్ కొట్టడానికి మనసు రాదు, నిజమే. కనీసం అతుకు ఉన్నంత మేరైనా తెల్లగా చేయండి.

ఇక సందు. ఎపాక్సీ ఒక్కటే సందును నింపి కూడా బలంగా ఉండగలదు. మిగతా జిగుర్లన్నీ రెండు ముఖాలు అంటుకుని కూర్చుంటేనే పనిచేస్తాయి. చిత్రిక పట్టి చదును చేయగల ఆచారి దగ్గర మీ దారి వేరు. ఇంట్లో రంపం, గరుకు కాగితంతో మీరే చేసుకుంటే వేరు. ఇది తేలితే జిగురు సగం తేలినట్టే.

ఏమి విరిగిందో చూసి

సరుగుడు లాంటి గుండ్రటి ఒంటి కొయ్యకు పొడుగునా నెర్రెలు పడితే చాలామంది కంగారుపడి ఎం-సీల్ కుక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంటి కొయ్య ఆరేటప్పుడు నెర్రెలు పడడం సహజం. నార వెంబడి నేరుగా పోయే నెర్రె కొయ్య బలాన్ని పెద్దగా తగ్గించదు. అందులో గట్టి లప్పం నింపితే వానాకాలంలో కొయ్య తేమ పీల్చి ఉబ్బినప్పుడు నెర్రె మూసుకోవడానికి చోటుండదు. ఆ గట్టి లప్పమే మేకులా పనిచేసి చీలికను ఇంకా లోపలికి నెడుతుంది. నెర్రెలోకి అవిసె నూనె పోసి, నీళ్లు నిలవకుండా మైనం పెడితే చాలు. కొయ్య చుట్టూ మెలితిరుగుతూ పోయే నెర్రె, అడ్డంగా పోయే పగులు, కప్పీ రంధ్రం నుంచి మొదలైన చీలిక మాత్రం వేరు సంగతి. వాటికి అతుకు పని కావాలి.

పలకలతో చేసిన బోలు కొయ్య అతుకు విచ్చుకుంటే, పాత జిగురు అవశేషం మీద కొత్త జిగురు పట్టదు. సందులోకి సన్నటి రంపం పెట్టి రెండు వైపులా తాజా కొయ్య కనిపించేదాకా గీకాలి. అలా గీకాక సందు సమానంగా ఉండదు కాబట్టి ఇక్కడ ఎపాక్సీ తప్ప ఇంకో మాట లేదు.

కొయ్య మొదలు చివికిపోతే దాంట్లోకి పల్చటి రెసిన్ పోసి గట్టిపరచడం గురించి వింటుంటాం. పుచ్చిన కొయ్య రెసిన్ తాగి గట్టిగా కనిపిస్తుంది, కానీ పడవ అడుగున కొయ్య మొదటి మీద పడే నొక్కుడుకు నిలవదు. చెడిన భాగం దాటి ఇంకాస్త మేలైన కొయ్య వచ్చేదాకా కోసేసి కొత్త ముక్క అతకండి.

మధ్యలో విరిగిన కొయ్యే ఈ రాతకు అసలు విషయం. విరిగిన కొసలను అలాగే కలిపి అంటించడం ఏ జిగురుతోనూ కుదరదు. కొస ముఖం స్పాంజిలా జిగురును తాగేస్తుంది, ఆ అతుకుకు బలం రాదు. రెండు ముక్కలనూ ఏటవాలుగా కోసి పొడుగాటి ముఖాలు కలపాలి. మామూలు కొయ్య పనికి 1:8 వాలు సరిపోతుంది గానీ తెరచాప కొయ్యకు 1:12 పెట్టుకోవడం పడవలు కట్టేవాళ్ల అలవాటు. 75 మిల్లీమీటర్ల లావు కొయ్యకైతే 900 మిల్లీమీటర్ల అతుకన్నమాట. అంత పొడుగు పోతే కొయ్య పొట్టిదవుతుంది కదా అని వాలు తగ్గించకండి. కొత్త ముక్క చేర్చండి.

షాపులో దొరికేవి

ఫెవిక్విక్ లాంటి చుక్క జిగురు చిన్న పేడు లేచినప్పుడు పట్టి ఉంచడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు. ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగుర్లు సన్‌మైకా అంటించడానికి చేసినవి. అవి ఎప్పటికీ మెత్తగా సాగుతూనే ఉంటాయి, బరువు మోసే అతుకులో పెట్టకూడదు.

తెల్ల జిగుర్లలో నీళ్లకు తట్టుకునేవని అమ్మే రకాలున్నాయి. డబ్బా మీద డీ3, డీ4 అని ఉంటుంది. ఇవి ఈఎన్ 204 అనే యూరప్ ప్రమాణంలోని తరగతులు. డీ3 అంటే నాలుగు రోజులు చల్లటి నీళ్లలో నానిన తర్వాత కూడా చదరపు మిల్లీమీటరుకు కనీసం 2 న్యూటన్ల బలం మిగలాలి. పొడిగా ఉన్నప్పుడు అదే అతుకు 10 చూపించాలి. అంటే నానినప్పుడు ఐదో వంతు మిగిలినా పరీక్ష పాసయినట్టే. డీ4 మెరుగు. నానినా 4 ఉండాలి, ఆరు గంటలు ఉడికించి చల్లార్చినా 4 ఉండాలి. తలుపులకూ వంటగది అల్మారాలకూ ఇది చాలా మంచి జిగురు. తెరచాప కొయ్యకు దీన్ని వద్దనడానికి అసలు కారణం నీళ్లు కూడా కాదు. తెల్ల జిగురు ఎప్పుడూ ఉండే బరువుకు మెల్లగా జారుతుంది. స్టే తాళ్లు, అంటే కొయ్యను నిలబెట్టి పట్టి ఉంచే తాళ్లు, బిగించిన కొయ్య రాత్రీపగలూ నొక్కుడులోనే ఉంటుంది. దానికి ఎండ తోడైతే అతుకు వెంట్రుకవాసి చొప్పున కదులుతూ పోతుంది. తిరుపతిలో నాకు తెలిసిన ఒక ఆచారి ఒక్క ముక్కలో చెప్పాడు: "తలుపుకైతే పెట్టుకో సామీ, నిలబడి బరువు మోసేదానికి మాత్రం వద్దు."

మెరైన్ ప్లైవుడ్ గురించి ఒక మాట. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న ప్లైవుడ్ 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. అందులోని జిగురు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రకం. అది ఫ్యాక్టరీలో బాగా వేడి చేసిన ప్రెస్సు కింద గట్టిపడుతుంది, ఇంట్లో చేయలేం. డబ్బా మీద మెరైన్ అని ఉన్నంత మాత్రాన షాపు జిగురు, ప్లైవుడ్ లోపలి జిగురు ఒకటి కావు.

పాలియురిథేన్ జిగురు, పీయూ అంటారు, గాలిలోని తేమతో గట్టిపడుతుంది. నురగ వచ్చి సందు నిండినట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లకు నమ్మకం కలుగుతుంది. కానీ ఆ నురగకు బలం లేదు. ముఖాలు బాగా కలిసి, గట్టిగా బిగిస్తే మంచి అతుకే వస్తుంది. సందు ఉంటే రాదు. మన తేమ గాలిలో తెరిచిన డబ్బా కూడా త్వరగా గడ్డకడుతుంది.

ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర దొరికే పాలిస్టర్ రెసిన్, జీపీ రెసిన్ అంటారు, ఎపాక్సీకి బదులు వాడమని సలహా ఇస్తారు. ధర చాలా తక్కువ. ఫైబర్ మీద ఫైబర్‌కు అది సరే. కొయ్య మీద మాత్రం దాని పట్టు నమ్మదగింది కాదు, తేమ తగిలాక పొరలా ఊడి వస్తుంది. ఈ రెసిన్ తెస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. దాన్ని గట్టిపరిచే కెటలిస్టునూ, ఆ పని వేగంగా జరిగేలా చేసే కోబాల్టునూ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకండి. మంట లేచి పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్టును రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కెటలిస్టు వేయాలి.

ఎపాక్సీయా, రిసార్సినాలా

నిజమైన పోటీ ఈ రెండింటి మధ్యే.

రిసార్సినాల్ 1940లలో యుద్ధకాలపు పడవలకూ విమానాలకూ వాడుకలోకి వచ్చింది. ముదురు ఊదా రంగులో ఉంటుంది, అతుకు గీత నల్లగా కనిపిస్తుంది. ఉడికించినా, ఎండబెట్టినా, ఉప్పునీళ్లలో ముంచినా దీనికి లెక్కలేదు. వేడికి మెత్తబడదు. ఎపాక్సీకి ఉన్న పెద్ద లోపం దీనికి లేదన్నమాట. చలిదేశాల్లో దీన్ని వాడాలంటే 21 డిగ్రీలకు పైన వేడి ఉంచడానికి తంటాలు పడతారు. మనకు అది అడ్డంకే కాదు. మరి అందరూ దీన్నే ఎందుకు వాడరు? రెండు ముఖాల మధ్య కాగితం మందం సందు ఉన్నా ఇది బలహీనమవుతుంది. పైగా కొయ్యను బట్టి చదరపు అంగుళానికి 100 నుంచి 200 పౌండ్ల నొక్కుడు కావాలి. 75 మిల్లీమీటర్ల నలుచదరపు కొయ్యకు 900 మిల్లీమీటర్ల అతుకంటే వంద చదరపు అంగుళాలకు పైనే. అంతటికీ ఆ నొక్కుడు సమానంగా పడాలంటే క్లాంపులు వరసగా పెట్టాలి. గుండ్రటి కొయ్యకైతే దానికి సరిపోయే దిమ్మెలు కూడా చెక్కుకోవాలి. ఇక్కడి షాపుల్లో దొరకదు, ముందుగా ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి.

జిగురు మీద పెట్టే దృష్టి అతుకు మీద పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన గడ్డ మీదే జరిగిన ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కొయ్యతో కట్టిన మస్కిటో యుద్ధ విమానాలు 1944లో ఇక్కడ, బర్మా వైపు ఎగురుతూ రెక్కలు దెబ్బతిని కూలాయి. ఆ నవంబరులో వాటిని నేల మీద ఆపి రెక్కలు తనిఖీ చేశారు. వేడికీ తేమకూ జిగురు పాడైందనే అనుమానం ముందు వచ్చింది. తర్వాతి విచారణ తయారీలోనే లోపాలున్నాయని తేల్చింది.

ఎపాక్సీ ఈ విషయంలో దయగలది. ముఖాలు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా సందు నింపి పట్టుకుంటుంది. గట్టిగా బిగించనక్కర్లేదు, బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. అందుకే ఇంట్లో పనిచేసే పదిమందిలో తొమ్మిదిమందికి నేను చెప్పేది ఎపాక్సీనే.

అయితే ఎపాక్సీలన్నీ ఒకటి కావు. ఐదు నిమిషాల్లో పట్టే అరాల్డైట్ క్లియర్ లాంటివి తేమకూ వేడికీ తక్కువ తట్టుకుంటాయి. పైగా మూరెడు అతుకుకు పూసేలోపే గడ్డకడతాయి. ఎం-సీల్ లప్పం, జిగురు కాదు. నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్ స్టాండర్డ్ చిన్న పనికి మంచిది. రెండు భాగాలూ సమానంగా కలిపితే చాలు, పూసి సర్దుకోవడానికి సమయం కూడా ఇస్తుంది. పేడు అతకడం, కప్పీ దగ్గరి చీలిక, స్క్రూ రంధ్రాలు నింపడం దీంతో అయిపోతాయి. తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది.

పెద్ద ఏటవాలు అతుకుకు మాత్రం పల్చటి రెసిన్ కావాలి, ముందు కొయ్యలోకి ఇంకేలా. ఇంజినీరింగ్ కాలేజీల్లో కాంపొజిట్స్ ప్రాజెక్టులు చేసే పిల్లలకు తెలిసిన ఎల్‌వై 556, హెచ్‌వై 951 అనే రెసిన్, హార్డెనర్ జోడీ కూడా ఉంది గానీ అది అంత పల్చన కాదు. బరువు లెక్కన 100 గ్రాములకు 10 గ్రాములు. ఈ హార్డెనర్ త్వరగా పనిచేస్తుంది, చర్మానికి మంట కలిగిస్తుంది. వెస్ట్ సిస్టమ్ లాంటి పడవల ఎపాక్సీలో సాధారణంగా రెసిన్ 5 పాళ్లు, హార్డెనర్ 1 పాలు. ఖరీదు ఎక్కువే. దానికి బదులుగా నెమ్మదైన హార్డెనర్ ఎంచుకునే వీలుంటుంది. మన వేడిలో ఆ నెమ్మదికి డబ్బు పెట్టొచ్చు. ఏది కొన్నా డబ్బా మీది పాళ్లు కచ్చితంగా పాటించండి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు, జిడ్డుగా మిగులుతుంది.

పని చేసేటప్పుడు

డబ్బా మీద రాసిన సమయం సాధారణంగా 25 డిగ్రీలకు లెక్క. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. మేలో మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కలిపితే, అరగంట అని రాసి ఉన్నది పది నిమిషాలకే పొగలు కక్కుతూ గిన్నెలో గడ్డకట్టవచ్చు. పొద్దున్నే, మంచు ఆరగానే మొదలుపెట్టండి. కలిపిన రెసిన్‌ను లోతు గిన్నెలో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పోస్తే వేడెక్కదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, కొయ్యలో తేమ ఎక్కువ. తేమ 15 శాతం కన్నా తక్కువ ఉన్నప్పుడు అతకాలి. కాబట్టి జనవరి, ఫిబ్రవరి ఈ పనికి మంచి కాలం.

ముఖాలు కోసిన రోజే అతకండి. సరుగుడు గట్టి కొయ్య, నున్నగా చిత్రిక పడితే రెసిన్ లోపలికి పోదు. 80 నంబరు గరుకు కాగితంతో గీకి దుమ్ము తుడవండి. టేకులో నూనె ఉంటుంది, పూసే ముందే అసిటోన్‌తో తుడిచి ఆరగానే అంటించాలి. వెదురు పై తొక్క మీద ఏ జిగురూ పట్టదు. తొక్క చెక్కేసి అంటించినా పైన తాడుతో బిగుతుగా చుట్టాల్సిందే. నిజానికి చీలిన వెదురుకు జిగురు కన్నా తాడే నమ్మకం. కొత్త వెదురు ఇంకా చౌక.

ముందు రెండు ముఖాలకూ ఏమీ కలపని రెసిన్ పూసి కాసేపు ఆగండి. కొయ్య తాగిన చోట మళ్లీ పూయండి. తర్వాత అదే రెసిన్‌లో ఏరోసిల్ అనే చిక్కబరిచే పొడి కలిపి గట్టి ఇడ్లీ పిండిలా వచ్చాక పూసి కలపాలి. ఏరోసిల్ ఫైబర్ సామాను అమ్మే చోట దొరుకుతుంది. అది గాలిలో తేలే పొడి, మాస్కు లేకుండా ముట్టుకోకండి. సన్నగా జల్లించిన రంపపు పొట్టు కూడా వాడవచ్చు. తేలిక లప్పం కోసం అమ్మే, లోపల బోలుగా ఉండే సన్న పూసల పొడి (మైక్రోబెలూన్స్) మాత్రం బరువు మోసే అతుకులో వద్దు. ఏటవాలు ముఖాలు బిగించేటప్పుడు జారతాయి, చివర్లలో చిన్న మేకు కొట్టి ఆపండి. అతుకు మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి లాగి చుడితే గుండ్రటి కొయ్యకు అంతకన్నా మంచి క్లాంపు లేదు. చేతులకు నైట్రైల్ గ్లౌజులు ఉండాలి. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఇక పోదు.

అల్యూమినియం గొట్టం విరిగితే లెక్క మారుతుంది. లోపల సరిపోయే గొట్టం దూర్చి రివెట్లు కొట్టాలి, బలం ఆ రివెట్లదే. ఎపాక్సీ వదులు తీయడానికి మాత్రమే. అల్యూమినియం మీద గాలికి క్షణాల్లో ఆక్సైడు పొర పడుతుంది, కాబట్టి రెసిన్ పూసి ఆ తడిలోనే గరుకు కాగితంతో గీకితే పట్టు బాగుంటుంది. స్టీలు స్క్రూలు నేరుగా తగిలితే ఉప్పునీళ్లలో అల్యూమినియాన్ని తినేస్తాయి, మధ్యలో అడ్డుపొర పేస్టు పెట్టండి.

ఎపాక్సీ గట్టిపడ్డాక పైన సబ్బు జిడ్డులాంటి పొర రావచ్చు, తేమ రోజుల్లో మరీ. మామూలు నీళ్లతో తుడిచి గీకిన తర్వాతే పెయింట్ వేయాలి. ఎండ కిరణాలు నేరుగా తగిలితే ఎపాక్సీ పెళుసై పొడిపొడిగా రాలుతుంది, కాబట్టి పైపూత లేకుండా వదలకండి.

అసలు కొయ్య అతకడానికి కొన్ని రోజుల ముందే అదే కొయ్య తుంటలతో, అదే జిగురుతో రెండు నమూనా అతుకులు చేసి ఉంచండి. ఆరాక ఒకదాన్ని మిద్దె మీద ఎండలో పెట్టి, వేడిగా ఉండగానే సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. రెండోదాన్ని ఉప్పు కలిపిన నీళ్లలో నాలుగు రోజులు నానబెట్టి కొట్టండి. కొయ్య నార చీలితే మీ జిగురు, మీ చేతిపని రెండూ సరే. గీత వెంబడి శుభ్రంగా విడిపోతే కలిపిన పాళ్లోనో, ముఖం తయారీలోనో లోపముంది. దాన్ని సరిచేసుకున్నాకే పెద్ద కొయ్య జోలికి పోండి. అది కూడా అతికాక స్టే తాళ్లు బిగించడానికి వారం ఆగండి. ఎపాక్సీ ఒక్కరోజులో గట్టిగా తగిలినా పూర్తి బలం రావడానికి అంత సమయం తీసుకుంటుంది.